ఇంకా రాని మనిషికి తిథి

మూలకుళంలో మా ఇంటికి కాస్త అవతల ఒక ఆడపిల్లల హాస్టల్ ఉంది. నాన్న లేని పిల్లలకు మాత్రమే అక్కడ చోటు. దాని కమిటీలో నన్ను వేసుకున్నది నా చదువు చూసి కాదు, నా నోరు చూసి. కొత్త పిల్లకు చోటు కావాలని ఎవరైనా అడిగితే, ఆ ఇంటికి వెళ్ళి, వాళ్ళు చెప్పింది నిజమో కాదో చూసి రావడం నా పని. "మేడం గడప తొక్కితే అబద్ధం దొడ్డిదారిన పారిపోతుంది" అని మా అధ్యక్షుడు నన్ను పొగిడేవాడు. పొగిడేవాళ్ళను నేను మొదట అనుమానిస్తాను. ఇచ్చేవాళ్ళను ఆ తర్వాత. పుచ్చుకునేవాళ్ళ వంతు చివర వస్తుంది గానీ, వాళ్ళనూ వదలను.

ఇది తెలుగులో రాస్తున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. తమిళం నడిచే మా ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇళ్ళకు కొదవ లేదు, చదవగలిగే ఇళ్ళే తక్కువ. తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో నేను పట్టుబట్టి లిపి నేర్చుకున్నాను. ఇందులో కనిపించే ఏ ఒక్కరూ దీన్ని చదవలేరు. చదివి వినిపించమంటే వినిపిస్తాను, ఒక్క మాటా మార్చను.

హాస్టల్ నడిచేది దాతల భోజనాల మీద. మనవడి పుట్టినరోజనీ, పెళ్ళిరోజనీ, తాతగారి తిథి అనీ ఎవరో ఒకరు ఒక పూట పెడతారు. పుట్టినరోజైతే కేకు వస్తుంది. ఆ పిల్లవాడెవరో ముక్కూ ముఖం తెలియకపోయినా మా పిల్లలు చుట్టూ నిలబడి పాట పాడతారు. తిథి అయితే గోడ పక్కన కుర్చీ వేసి, దాని మీద పోయినవాళ్ళ ఫోటో పెట్టి, దండ వేసి, దీపం వెలిగిస్తారు. పిల్లలు కంచాల ముందు లేచి, కళ్ళు మూసుకుని, ఆ ఆత్మకు శాంతి కోరాలి. సాంబారు చల్లారిపోతూ ఉంటుంది. ఒకసారి ఒక చిన్నది కళ్ళు మూసుకునే నన్ను అడిగింది: "అత్తా, ఈ తాతకు ఇంకా శాంతి రాలేదా? పోయినేడు కూడా నిలబడినాం గదా." నాకు నవ్వు ఆగలేదు. వార్డెన్ పిల్లను వదిలేసి నన్ను కోప్పడింది.

అందరికంటే ఎక్కువ పూటలు పెట్టేది పెద్ద మార్కెట్ దగ్గర పాత్రల కొట్టు పెద్దమ్మ. వాళ్ళూ తెలుగువాళ్ళే, తరాలుగా బజారులో వ్యాపారం. మాది సేద్యం చేసుకుని బతికిన ఇల్లు. వాళ్ళింట్లో ఉల్లిపాయను కూడా తిథి వారం చూసి కోస్తారు, మా ఇంట్లో ఆదివారం కోడి ఉడక్కపోతే మగవాళ్ళు అలుగుతారు. అయినా తెలుగులో పోట్లాడుకోవడానికి ఒకరికొకరం దొరికాం. హాస్టల్లో కంచాలన్నీ ఆమె ఇచ్చినవే. ప్రతి కంచం నడిమధ్యన వాళ్ళ మామగారి పేరు చెక్కించింది. పిల్లలు తింటూ ఉంటే అన్నం కింద నుంచి ఆ పెద్దాయన కొంచెం కొంచెంగా బయటపడతాడు. ఆ మాటే ఒకసారి ఆమెతో అన్నాను.

"పెద్దమ్మా, పేరు వెనక పక్క కొట్టించుంటే పోయేది గదా. నడమద్దెన యాల?"

"వెనక కొట్టిస్తే యెవురు చూస్తారే?"

"చూసేదానికా ఇచ్చినావు?"

"నువ్వు వెనకా కొట్టియ్యవు, ముందరా కొట్టియ్యవు. నోరు మాత్రం చూడు, కొత్త బిందె మాదిరి మోగతా ఉంటాది" అంది ఆమె.

కమిటీలో ఒక డాక్టరు, ఒక లెక్చరరు, పాత ఫ్రెంచి వీధులున్న వైట్ టౌన్‌లో గెస్ట్‌హౌస్ నడిపే దంపతులు, పెద్దమ్మ, నేను. అందరి మీదా అధ్యక్షుడు. హాస్టల్లో పిల్లలేమో దాదాపు అందరూ సముద్రపు ఒడ్డు వాళ్ళు. ఆ వైపు నుంచి ఒక్క మనిషైనా ఈ బల్ల చుట్టూ కూర్చోవద్దా అని నేను అడిగాను. అధ్యక్షుడు ఎంతో మర్యాదగా, "వాళ్ళకు తీరిక ఎక్కడిది మేడం, తెల్లారకముందే పనికి పోయేవాళ్ళు" అన్నాడు. "మన మీటింగు సాయంత్రం కదా సార్" అన్నాను. అంతలో టీ వచ్చింది. మా కమిటీలో జవాబు లేని ప్రశ్నకు ఎప్పుడూ టీ వస్తుంది.

అధ్యక్షుడు ఒకప్పుడు పెద్ద హోటల్లో మేనేజరు. అతిథి కారు దిగుతుండగానే అతనికి ఏం కావాలో ముఖం చూసి చెప్పగలడు. మనిషి చెడ్డవాడని నేను చెప్పను. కానీ దాతలను కూడా అతిథుల్లాగే చూసేవాడు. వాళ్ళకు ఏది రుచిస్తుందో అదే వడ్డించేవాడు. ఆ వడ్డన ఎవరి వంటింట్లోంచి వస్తోందో అని నా అనుమానం.

జాలర్లుండే సోలై నగర్ నుంచి తన కూతురికి చోటు కావాలని ఒకామె అడిగినప్పుడు, ఎప్పటిలాగే నన్ను పంపారు. ఆమె చేపలమ్ముకుని బతుకుతుంది. చీకటి ఉండగానే హార్బరుకు పోవాలి, అప్పటి నుంచి పిల్ల ఇంట్లో ఒంటరి. పిల్ల ఆ ఏడు ఎనిమిదో క్లాసుకు వచ్చింది. నేను వెళ్ళేసరికి తల్లి పొయ్యి దగ్గర ఉంది. నేను మొదట చూసింది ఆమె నుదురు. ఇంత బొట్టు. కాళ్ళకు మెట్టెలు, మెడలో పసుపు తాడు, తల్లో పూలు. నాన్న లేని పిల్లకు తల్లి ఇలా ఉంటే నాకు అనుమానం రాదా? ఆమె మాట్లాడింది తమిళం. ఇక్కడ మా ఇంటి తెలుగులో పెడుతున్నాను.

"మీ ఆయన పోయి ఎన్నాళ్ళయింది?" అని అడిగాను.

"పోయి అని చెప్పొద్దక్కా. పడవ మీద పోయినారు. ఇంకా రాలేదు."

"ఎప్పటినించి రాలేదు?"

"ఈ పిల్ల రెండో క్లాసులో ఉన్నప్పటినించి."

"ఇప్పుడు ఎనిమిది గదమ్మా."

"మీకు లెక్క బాగా వస్తాది" అని ఆమె పొయ్యి వైపు తిరిగింది.

ఇరుగుపొరుగును కూడా అడిగాను. ఆ పడవలో పోయినవాళ్ళలో ఒకరి శవం దక్షిణాన ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మిగతావాళ్ళది ఏమీ దొరకలేదు. "దొరకలేదంటే ఇంకేం ఉంది" అని ఒకరన్నారు. "కేరళ హార్బరులో చూసినామని ఒకడు చెప్పినాడు, ఆడ ఇంకొక కాపురం ఉండాదంట" అని ఇంకొకరు గొంతు తగ్గించారు. ఎవరి మాట నమ్మాలో నాకు తెలియలేదు. ఎవరి మాటా నమ్మలేదు. ఆ తల్లికి ఏదో తెలిసి దాస్తోందనే అనుకున్నాను. కమిటీలో మాత్రం చూసింది చూసినట్టు చెప్పాను: "నాన్న ఇంట్లో లేడు. ఉన్నాడో పోయాడో నేను చెప్పలేను, ఆమె చెప్పడం లేదు. పిల్లకు చోటు మాత్రం కావాలి."

"లేడు అంటే లేడే కదా మేడం" అన్నాడు అధ్యక్షుడు. ఆ రెండూ ఒకటి కావని వాదించాను. టీ వచ్చింది. పిల్లకు చోటు దొరికింది.

ఆ తర్వాత విరాళాల కోసం ఒక కరపత్రం అచ్చయింది. దాని మీద ఈ పిల్ల ముఖం. ఫోటో తీసే రోజు రెండు జడలు గట్టిగా అల్లుకుని, రిబ్బన్లు కట్టుకుని వచ్చింది పాపం. జడలు విప్పించారు. మంచి గౌను మార్పించి వెలిసిపోయినది తొడిగించారు. "నవ్వొద్దు, అదిగో ఆ కిటికీ వైపు చూడు" అన్నారు. వార్డెన్ ఇదంతా నాకు మురిసిపోతూ చెప్పింది. కింద ఇంగ్లీషులో, ఫ్రెంచిలో, తమిళంలో ఒకే మాట: సముద్రం ఈమె తండ్రిని మింగేసింది. వైట్ టౌన్‌లో పసుపు గోడలకు ఫోటోలు తీసుకునేవాళ్ళు ఇంటివాళ్ళను అడగరు, గోడే కదా అనుకుంటారు. ఈ పిల్లనూ అలాగే తీశారు. తల్లిని అడిగారా అంటే, "వేలిముద్ర వేసింది కదా మేడం, చేర్చుకునేటప్పుడు" అన్నారు. హాస్టల్లో చేర్చుకోవడానికి వేసిన వేలిముద్ర, ముఖం అమ్ముకోవడానికి కూడా సరిపోతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆడి అమావాస్యకు ముందు వారం మా అత్తగారి ఫోటోకు అద్దం పగిలి, ఫ్రేములు కట్టే కొట్టుకు వెళ్ళాను. ఆడి అమావాస్య అంటే మా ఊళ్ళో పెద్దల రోజు. పోయినవాళ్ళకు తర్పణం వదలడానికి జనమంతా సముద్రం ఒడ్డుకు చేరతారు. ఆ కొట్టతను నన్ను గుర్తుపట్టాడు.

"మేడం, మీరు ఆ హాస్టల్ కమిటీయే గదా? ఈయనకు మరైవు తేదీ ఇయ్యలేదు. చూడండి, కింద ఖాళీగా ఉండాది."

మా వైపు పోయినవాళ్ళ ఫోటో కింద రెండు తేదీలు వేస్తారు. తోట్రం అంటే పుట్టింది, మరైవు అంటే కనుమరుగైంది. బల్ల మీద ఉన్న ఫోటో ఏదో గుర్తింపు కార్డులోంచి పెద్దది చేసింది. ఇస్త్రీ కాలరు, కెమెరా అంటే భయపడిన కళ్ళు, బయటికి నిక్కిన రెండు చెవులు. ఆ చెవులు నేను రోజూ హాస్టల్ మెట్ల మీద చూసేవే. రెండు జడల పక్కన నిక్కి కనిపించేవి.

"ఇది నీకు ఎవరిచ్చారు?"

"ప్రెసిడెంట్ సార్ మనిషి. తేదీ యేది అంటే ఏదో ఒకటి వేసెయ్యి అంటాడు. ఏదో ఒకటి యెట్ల వేసేది? రేపు ఆయన తరఫోళ్ళు వచ్చి నా కొట్టు మీద పడరా?"

"వెయ్యొద్దు" అని చెప్పి, మా అత్తగారిని అక్కడే వదిలేసి, ఆటో ఎక్కి వైట్ టౌన్‌కు పోయాను.

అధ్యక్షుడు అక్కడి కమిటీ ఆఫీసులో అతిథుల పేర్లు చూసుకుంటున్నాడు. నన్ను చూసి కుర్చీ జరిపాడు. నేను కూర్చోకుండానే ఫోటో సంగతి అడిగాను.

"పెద్దమ్మ గారి ఆలోచన మేడం" అన్నాడు. "మన కరపత్రం మనవడి చేత చదివించుకున్నారట. ఆ పిల్ల తండ్రికి తిథి పెట్టే కొడుకు లేడే అని ఆవిడకు మనసు కలుక్కుమంది. అమావాస్య రోజు ఆయన పేరున భోజనం పెడతామన్నారు. నేను నలుగురు అతిథులను పిలిచాను, అంతే."

"ఆయన పోయాడని మీకెవరు చెప్పారు?"

"ఎంక్వైరీ చేసింది మీరే కదా."

"లేడన్నాను. చచ్చాడనలేదు. ఆమె బొట్టు పెట్టుకుని తిరుగుతోంది సార్. మీరు ఆ ఫోటోకు దండ వేస్తే, ఆ బొట్టు తుడిచేది ఎవరు? మీరా, పెద్దమ్మా?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుంటే నాకు సులువుగా ఉండేది. "నా జీవితమంతా అతిథులతో గడిచింది మేడం. ఒక మాట చెప్తాను వినండి. పోయాడు అంటే ఇస్తారు. జబ్బుతో ఉన్నాడు అంటే ఇస్తారు. ఏమయ్యాడో తెలియదు అంటే మాత్రం ఒక్కరూ ఇవ్వరు. వాళ్ళకు ఇబ్బందిగా ఉంటుంది. ముగింపు లేని కథకు చెయ్యి రాదు."

"అందుకని ముగింపు మీరు రాస్తారా?"

"ఆ డబ్బుతో హాస్టల్లో పిల్లలందరూ తింటారు. అవసరమైతే రాస్తాను" అన్నాడు. దాచలేదు. తర్వాత గొంతు ఇంకా మెత్తగా చేసి, "ఇంకొకటి కూడా ఆలోచించండి. తండ్రి ఉన్నాడని ఆమె నలుగురిలో అంటే, రూలు ప్రకారం ఆ పిల్ల ఇక్కడ ఉండడానికి లేదు. నేను అనడం లేదు, రూలు అంటోంది" అన్నాడు.

రూలుకు నోరుండదు. దాని తరఫున మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఆ మాట అక్కడే అనేశాను. కానీ ఆటో దొరికేదాకా నడుస్తున్నప్పుడు నాకు అర్థమైంది, ఆ తల్లికి ఇప్పుడు రెండే దారులు. భర్త పోయాడని ఒప్పుకుని నుదుటి బొట్టు వదులుకోవాలి, లేదా రాలేదని చెప్పి కూతురి చోటు వదులుకోవాలి.

నేరుగా పాత్రల కొట్టుకు వెళ్ళాను. పెద్దమ్మ గల్లా దగ్గర ఉంది. పక్కనే ఒక పెళ్ళివారి బిందెల మీద పేర్లు కొడుతున్నారు, ఆ మిషను రొద పళ్ళలోకి దిగుతోంది.

"పెద్దమ్మా, నువ్వు చేస్తా ఉండేది ఏందో తెలిసే చేస్తా ఉండావా?"

"ఏం చేసినా? దిక్కులేని ఆత్మకు ఒక పూట అన్నం పెడతా ఉండా."

"ఆత్మ అని నీకెవురు చెప్పినారు? మనిషిగా ఉండాడేమో."

"యాడ ఉండాడు?"

"కేరళలో ఉండాడని ఒకరు, నీళ్ళలో ఉండాడని ఒకరు. నాకేం తెలుసు. బతికినోడికి తిథి పెడితే ఆ పాపం యెవురికి చుట్టుకుంటాది, నువ్వే చెప్పు."

"నన్ను బెదిరించొద్దు మే. ఆ పెండ్లాం ఏమంటాది?"

"ఆమె బొట్టు పెట్టుకోని ఉండాది."

పెద్దమ్మ మిషను ఆపమని చెయ్యి ఊపింది. ఆమె నుదుటి మీద సన్నటి విభూతి గీత తప్ప ఏమీ ఉండదు. చాలా కాలం నుంచి అంతే. కొట్టులో నిశ్శబ్దం అయ్యాక మెల్లగా అంది: "నాది తీసేటప్పుడు నన్నెవురన్నా అడిగినారా? పదోరోజు నలుగురు ముండమోపులు వచ్చి తీసేసి పోయినారు. అది ఆచారం అన్నారు. ఈమెకేమో అడిగి తియ్యాల్నా?"

ఇది జాలి మాటా, అసూయ మాటా అని నేను ఆమె ముఖంలో వెతికాను. దొరకలేదు.

"సరే పో, ఆమెనే వచ్చి చెప్పమను" అంది చివరికి. "ఆమె నోటితో వద్దంటే వద్దే. నీ నోటితో అయితే ఒప్పుకోను. నీ నోరు నాకు తెలుసు."

మర్నాడు సోలై నగర్ వెళ్ళాను. తల్లి అమ్ముడు పోని చేపలకు ఉప్పు రాస్తోంది. జరిగిందంతా చెప్పాను. దండ, కుర్చీ, అతిథులు, రూలు. ఆమె ఉప్పు రాయడం ఆపలేదు.

"ఫోటో యాడిది?"

"పిల్లను అడిగి తీసుకున్నారంట."

"ఆల్బంలో పెట్టేదానికని చెప్పింది. సంతోషంగా ఎత్తుకోని పోయింది" అంది. ఆ ఒక్క మాట దగ్గర ఆమె చేతులు కాసేపు ఆగాయి.

"చూడమ్మా, ఆయన ఉన్నాడని నువ్వు అంటే పిల్ల చోటు పోతుంది."

"ఉన్నారని నేనెప్పుడు చెప్పినా? రాలేదని చెప్పినా. మీరంతా ఉన్నాడా లేడా అని రెండే అడుగుతారు."

నా బుద్ధి పోనిచ్చుకోలేదు. "నిజం చెప్పు. కేరళ నుంచి ఫోను ఏమన్నా వస్తుందా?" అని అడిగాను.

"మీకొస్తే నాకు చెప్పండక్కా" అంది.

తర్వాత చేతులు కడుక్కుని, చీర కొంగుతో తుడుచుకుంటూ నన్నే అడిగింది. "పిల్ల చదువు కావాల. బొట్టు కూడా కావాల. రెండూ అడిగితే మీ కమిటీలో ఆశపోతు అంటారా?"

"అంటారు."

"అననీ" అంది.

అమావాస్య మధ్యాహ్నం హాస్టల్ భోజనాల హాలు పెళ్ళింటిలా ఉంది. వడ, పాయసం, అప్పడాలు. వైట్ టౌన్ నుంచి వచ్చిన అతిథులు చెప్పులు విప్పి, ఎక్కడ నిలబడాలో తెలియక గోడకు ఆనుకున్నారు. ఫోటో కుర్చీ మీద ఉంది. కింద మరైవు దగ్గర ఖాళీ ఖాళీగానే ఉంది, కొట్టతను మాట నిలుపుకున్నాడు. పెద్దమ్మ పంపిన గులాబీ దండ అప్పటికే వేసేశారు. ఆమెను నిలదీద్దామని వెళ్ళేలోపు, "నేను వెయ్యలా. వచ్చేసరికి వేసేసినారు" అంది. నమ్మాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు.

పిల్లలు వరుసగా వచ్చారు. ఆ పిల్ల ఫోటో చూసి వాకిలి దగ్గరే నిలబడిపోయింది. వెనక వచ్చేవాళ్ళు ఆమెను తోసుకుని ముందుకు పోతున్నారు. అప్పుడు తల్లి వచ్చింది. కొత్త చీర కాదు, ఉతికిన చీర. తల నిండా మల్లెలు. బొట్టు మామూలు కంటే పెద్దది. ఎవరినీ చూడకుండా నేరుగా కుర్చీ దగ్గరికి నడిచి, దండ తీసి, నలిగిపోకుండా రెండు చేతులతో పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి తెచ్చింది.

"అమ్మా, ఇది మీది. మంచి మనసుతో పంపినారని అక్క చెప్పింది. ఆయన ఇంకా రాలేదు. రానోళ్ళకు దండ వెయ్యకూడదు."

నేను అలా చెప్పలేదు. మంచి మనసు అనే మాట నా నోట్లోంచి వచ్చే రకం కాదు. కానీ ఆ సమయంలో దాన్ని ఖండించలేదు.

పెద్దమ్మ దండ అందుకుంది. తీసుకుని ఏం చెయ్యాలో తోచలేదు. పోయినవాళ్ళ కోసం తెచ్చిన దండను ఇంటికి తీసుకుపోకూడదు, దేవుడికి వెయ్యకూడదు, తల్లో పెట్టుకోకూడదు. ఆ భోజనం అయ్యేదాకా ఆమె దాన్ని అలాగే చేతుల్లో పట్టుకుని నిలబడింది. గోడ పక్కన ఒక అతిథి ఫోను పైకెత్తాడు. నేను వెళ్ళి దాని ముందు నిలబడ్డాను. నాది కొంచెం పెద్ద శరీరం, ఆ రోజు పనికొచ్చింది.

తల్లి ఫోటోను చంకలో పెట్టుకుని కూతురి దగ్గరికి వెళ్ళింది. "కూర్చోని తిను. నేను బయట ఉంటా" అంది.

"నాకొద్దు" అంది పిల్ల.

"అన్నం ఏం చేసింది? అన్నం మీద కోపం వద్దు. తినేసి రా."

పిల్ల కూర్చుంది, తినింది. తల్లి వరండాలో మెట్టు మీద ఫోటోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అధ్యక్షుడు ఆమె దగ్గరికి వెళ్ళి, వంగి, చాలా మర్యాదగా మాట్లాడాడు. భర్త పోయినట్టు ఒక్క మాట కమిటీకి చెబితే చాలు, ఫోటోలూ దండలూ ఇక ఉండవు, చోటు పోదు అన్నాడు. ఆమె అంతా విని, "రాలేదు సార్" అంది. సాయంత్రానికి పిల్ల పెట్టె సర్దుకుని తల్లితో వెళ్ళిపోయింది.

తర్వాత మీటింగులో నేను చాలాసేపు పోట్లాడాను. నాన్న లేని పిల్లలకు అని కాదు, ఇంట్లో తోడు లేని పిల్లలకు అని రూలు మార్చండి అన్నాను. అలా మారిస్తే తాగుబోతుల పిల్లలు, వదిలేసినవాళ్ళ పిల్లలు అందరూ వస్తారన్నారు. రానివ్వండి అన్నాను. దాతలకు ఏమని చెప్పాలి అన్నారు. డాక్టరు వాచీ చూసుకున్నాడు. చేతులెత్తమంటే నా చెయ్యి లేచింది. పెద్దమ్మ చెయ్యి కూడా లేచింది, దాన్నీ నేను అనుమానంగానే చూశాను. మిగతా చేతులు బల్ల మీదే ఉన్నాయి. రూలు రూలుగానే ఉంది. కరపత్రాల సంగతి అడిగితే, అచ్చయినవి అయిపోయేదాకా వాడతామన్నారు. ఆ కట్ట నేను ఎత్తుకుని ఇంటికి తెచ్చాను. ఎవరూ ఆపలేదు. అది ఇప్పటికీ మా అటక మీద ఉంది. పిల్ల ముఖం ఉంది కదా, చించలేను, పొట్లాలకు వాడలేను. కమిటీ నుంచి వాళ్ళు నన్ను తీసెయ్యలేదు, నేనూ మానలేదు. లోపల ఉంటేనే కదా ఏది మాడుతోందో తెలిసేది.

కొన్నాళ్ళకు పెద్దమ్మ నన్ను కొట్టుకు పిలిపించింది. పిల్ల స్కూలు ఫీజు, వ్యాను ఖర్చు తాను కడతానంది. తెల్లవారుజామున పిల్లకు తోడుగా పడుకోవడానికి పక్కింటి ముసలమ్మ ఒప్పుకుందనీ, ఆ సంగతి తానే కనుక్కున్నాననీ చెప్పింది.

"యాల?" అన్నాను.

"నువ్వు అనుమానపడతావని తెలుసు. పడు."

"పేరు యాడ కొట్టిస్తావు? పిల్ల వీపు మీదనా?"

"నీకు మర్యాద చెప్పినోళ్ళు లేరు" అంది, నవ్వలేదు. "ఆ దండ పట్టుకోని నిలబడినా చూడు, ఆ పొద్దంతా ఒకటే అనుకున్నా. నన్ను కూడా ఒక మాట అడిగుంటే ఏం చెప్పుందునా అని."

ఏం చెప్పి ఉండేదో నేను అడగలేదు.

ఈ కబురు తీసుకుని సోలై నగర్ వెళితే ఆ తల్లి వెంటనే ఒప్పుకోలేదు. ఫోటో వద్దు, పేరు చెప్పడం వద్దు, పిల్లను వాళ్ళింటికి రమ్మనడం వద్దు. ఇవన్నీ పెద్దమ్మ తరఫున నేను ఒప్పుకున్నాను. అయినా ఆమె తల అడ్డంగానే ఊపింది.

"ఊరికే తీసుకునేదానికి లేదక్కా. నా దగ్గరుండేది చేప. ఆ అమ్మ ఇంట్లోకి చేప పోదు. మళ్ళ నేనేం ఇచ్చేది?"

ఇలాంటి చిక్కు నా చదువులో ఎక్కడా రాలేదు. ఆమె నా వైపు తిరిగి, "మీరు తింటారు గదా?" అంది.

అలా మా ఇంటికి చేప రావడం మొదలైంది. పెద్దమ్మ పిల్లకు ఫీజు కడుతుంది, తల్లి నాకు చేప ఇస్తుంది, నేను మా పెరట్లో మునక్కాయలు, అరటిపువ్వు కోసి పెద్దమ్మకు పంపుతాను. పెద్దమ్మ ప్రతిసారీ సంచీ తిప్పి చూసి, "దీనికి నీసు తగల్లేదు గదా?" అంటుంది. మా ఆయన ముల్లు తీసుకుంటూ, "ఈ చేప యెవురి పుణ్యం?" అని అడుగుతాడు. "అడగకుండా తిను" అంటాను. "నువ్వు ఊరందర్నీ అడగొచ్చు, నేను ఒక చేపను అడగకూడదా?" అంటాడు.

పెద్దమ్మ మనసులో ఏముందో నాకు ఇంకా తెలియదు. ఆ తల్లి ఎదురుచూసే మనిషి వస్తాడని నేను నమ్మను. కేరళ మాట అబద్ధమని కూడా నమ్మను. ఏ వార్తా లేదా అని అప్పుడప్పుడు అడుగుతాను. ఆమె "రాలేదు" అంటుంది.

మొన్న ఆమె తెచ్చిన వంజరం చేప మరీ పెద్దది. మనసొప్పక డబ్బు తెచ్చి చేతిలో పెట్టబోయాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. నన్ను పైనుంచి కిందికి చూసింది. వాకిలి చూసింది, నా వెనక ఇంట్లోకి చూసింది. కొత్త ఇంటికి ఎంక్వైరీకి పోయినప్పుడు నేను చూసే చూపు అదే.

"డబ్బు యాల ఇస్తా ఉండారు? నా దగ్గర మీకేం కావాల?"

ఏమీ వద్దన్నాను. ఆమె నమ్మినట్టు కనబడలేదు. నేను డబ్బు కొంగున ముడేసుకున్నాక, తట్ట దించి, చేప తల ఎత్తి, వేలితో మొప్ప తెరిచి నా వైపు తిప్పింది.

"చూసుకోండక్కా. మీరు చూడకుండా తీసుకోరు గదా."

వంగి చూశాను. ఎర్రగా ఉంది. తీసుకున్నాను.